కుడికాలికి ఆకుపచ్చ బిళ్ళ

ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది. ఆ రబ్బరు పిట్టని చేసిందీ, పొద్దున్నే తీసుకెళ్ళి తడి ఇసుకలో గుచ్చి వచ్చిందీ ఆవిడ మేనల్లుడే. ఆ మేనల్లుడు ఈ రాస్తున్నవాడే. ఇక్కణ్ణించి వాణ్ణి మేనల్లుడనే అంటాను. ‘నేను’ అని మొదలెడితే వెనకేసుకొస్తానేమోనని నాకే అనుమానం. ఇంకో సంగతి. అందరూ అనుకునేట్టు వాడు చేసిన తప్పు పిట్టని చెయ్యడం కాదు. అది వాడికి ఎప్పుడూ ఉన్న జబ్బే. అసలు తప్పు, పరిగెత్తడం. అది చివర్లో వస్తుంది. ముందు ఆవిడ.

ఆస్పత్రిలో ఆవిణ్ణి అందరూ ఊపిరమ్మ అంటారు. ఆవిడ పనిచేసే ఎక్స్‌రే గది, మెట్లు దిగి కిందికెళ్తే రెండో తలుపు. బయట గోడకి ఆనించి నాలుగు కుర్చీలు. వాటిలో ఒకటి కుంటిది. ఆ గదికి వచ్చేవాళ్ళకి తోడుగా ఉంటుందనో ఏమో, ఎవరూ బాగుచేయించలేదు. లోపల్నించి రోజుకి డెబ్భై ఎనభై సార్లు ఒకటే మాట వినిపిస్తుంది. ఊపిరి పీల్చండి, బిగబట్టండి, ఆ, వదలండి. ముప్ఫై ఏళ్ళలో ఊళ్ళో సగం మంది ఆవిడ చెప్తే బిగబట్టి, ఆవిడ చెప్తే వదిలినవాళ్ళే. బజార్లో ఎదురుపడితే కొందరు తమకి తెలీకుండానే ఛాతీ పొంగిస్తారు.

కోటు జేబులో రెండు సీసపు ముక్కలుంటాయి ఆవిడకి. ఒకదాని మీద ఎల్, ఇంకోదాని మీద ఆర్. ఎడమ, కుడి. ఫిల్ము మీద ఎముక ఎముకలాగే ఉంటుంది గానీ నేను ఫలానా వైపుదాన్నని చెప్పదు. చెప్పేది ఆ ముక్కే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఓ రద్దీ రోజున, బట్టల కొట్టు గుమస్తా ఒకాయన మోకాలికి ఒకదాని బదులు ఇంకోటి పెట్టేసింది. ఆపరేషన్ గది గుమ్మంలో ఆయన బల్ల మీంచి తలెత్తి, అయ్యా, మీరు గీత గీసింది నా మంచి కాలికి, అన్నాడు గాబట్టి సరిపోయింది. ఆయన మొహమాటస్థుడై ఉంటే ఏమయ్యేదో అనుకుని ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పట్నించీ ఎవరొచ్చినా, ఎక్కడో మీరే ముట్టుకుని చూపించండి అంటుంది. చూపించాకే ముక్క పెడుతుంది. మెడ పట్టేసిందని వచ్చినవాణ్ణి కూడా వదల్దు. మెడ ఒకటే గదమ్మా అని వాడంటే, ఒంటి మీద ఉందిగా, చూపించడానికేం నొప్పి, అంటుంది.

ముట్టుకుని చూపించినవాళ్ళంతా చొక్కా వేసుకుంటూ ఒకటే ప్రశ్న అడుగుతారు. ఏమన్నా ఉందామ్మా? ఉన్నదీ లేనిదీ అందరికంటే ముందు ఆవిడకే కనిపిస్తుంది. ఊపిరితిత్తిలో ఉండకూడని తెల్ల మచ్చ కనిపిస్తుంది. అతుక్కోవాల్సిన ఎముక అతుక్కోకపోవడం కనిపిస్తుంది. కానీ చెప్పడం ఆవిడ పని కాదు. డాక్టరుగారు చెప్తారు, అంటుంది. చూసేది ఆవిడ, చెప్పేది ఆయన, కింద సంతకం ఆయనది. ఏళ్ళ తరబడి మొహాన్ని అలా ఇస్త్రీ చేసుకుని, చేసుకుని, ఇంట్లో కూడా ఆ మడత పోలేదు. వాళ్ళాయన దర్జీ. మా ఆవిడ మొహం చూసి కూరలో ఉప్పుందో లేదో కనిపెట్టిన మగాడు ఇంకా పుట్టలేదు, అంటాడు కుట్టు మిషను తొక్కుతూ.

పిట్టల పిచ్చి ఎనిమిదేళ్ళ కిందట పట్టింది. షుగరొచ్చింది, సముద్రం ఒడ్డున నడవమన్నారు. నడుస్తుంటే కనిపించాయి. పిడికెడంతే ఉంటాయి. తెల్లటి పొట్ట, బూడిద రంగు వీపు, నల్ల అగ్గిపుల్లల్లాంటి కాళ్ళు. అల వెనక్కి వెళ్తే దాని వెంటపడి ఇసుకలో ముక్కులు పొడుస్తాయి. అల తిరిగొస్తే, హెడ్మాస్టరుని చూసిన పిల్లల్లా ఒక్కటే పరుగు. రోజంతా అదే పని. ఎగరడం వచ్చి కూడా ఇంత పరిగెత్తేవాటిని ఆవిడ ఎక్కడా చూళ్ళేదు. పరుగు పిట్టలని తనే పేరు పెట్టుకుంది.

మూతపడుతున్న స్టూడియోవాడి దగ్గర పాత కెమెరా, పొడుగు లెన్సు తీసుకుంది. నిలబడి తీస్తే పిట్ట వీపే కనబడుతుందనీ, కళ్ళలోకి చూడాలంటే దాని ఎత్తుకి దిగాలనీ వారంలో తెలిసింది. దాంతో పొట్ట మీద పాకడం మొదలెట్టింది. దర్జీ మామయ్య పాత కారు సీటు రెక్సిను కోసి ఆవిడ ప్యాంటు మోకాళ్ళకీ, చొక్కా మోచేతులకీ అతుకులు వేశాడు. పాకడం పిల్లలు ఏడాదికే మానేస్తారు, మా ఆవిడ యాభైకి నేర్చుకుంటోంది, అని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. కెమెరా ఇసుకలో కూరుకుపోకుండా దాన్ని పిడి విరిగిన పెనానికి బిగించింది. పెనం ఇసుక మీద పడవలా జారుతుంది. అల విరిగిన చప్పుడుకే కదలాలి, చప్పుడు ఆగితే ఆగిపోవాలి. పిట్ట తలెత్తి చూస్తే తను రాయి. బటన్ నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. అది మాత్రం ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

మొదటి చలికాలమే ఓ ఫోటోలో ఒక పిట్ట కుడికాలికి చిన్న ఆకుపచ్చ బిళ్ళ కనిపించింది. పెద్దది చేసి చూస్తే మూడు అక్షరాలు: కె, ఏడు, పి. ఎక్కడో దూరదేశంలో పిట్టల లెక్కలు చూసే ఆఫీసువాళ్ళు కట్టిందట. ఉత్తరం రాస్తే ఒక ఫారం పంపారు. ఏ రోజు చూశారు, ఏ కాలు, ఏ రంగు, ఏ అక్షరాలు. కింద మూడు గళ్ళు: బతికుంది, చనిపోయింది, తెలియదు. ఇంకా కింద, చూసినవారి సంతకం.

ఆ కాగితాన్ని ఆవిడ రెండు రోజులు బల్ల మీదే ఉంచుకుంది. అన్నేళ్ళ ఉద్యోగంలో, నువ్వు చూసిన దాని కింద నువ్వే సంతకం పెట్టు అన్న మొదటి కాగితం అది. మూడో రోజు ‘బతికుంది’ దగ్గర టిక్కు కొట్టి, బడిలో చేరేనాటి అంత గుండ్రటి అక్షరాల్తో పేరు రాసింది. తర్వాత వరసగా ఆరు చలికాలాలు అదే పిట్ట, అదే కాలు, అదే టిక్కు. దానితోపాటు బిళ్ళలు కట్టినవాటిలో మిగతా వేటి కబురూ మాకు అందడం లేదు, ఇదొక్కటే కనిపిస్తోంది, అని ఆఫీసువాళ్ళు ఓసారి రాశారు. ఆ ఉత్తరం కూడా గోడ మీద ఫోటో పక్కనే గుచ్చుకుంది.

కిందటి చలికాలం ఆవిడ రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. ఇసుకా గాలీ తగలకూడదన్నారు. ఆ ఏడు ఫారం వెళ్ళలేదు. ఆఫీసు రూలు ఏమిటంటే, వరసగా రెండు చలికాలాలు అక్షరాలు చదివిన రిపోర్టు రాకపోతే ఆ పిట్ట కార్డు మూసేసి చనిపోయినవాటి సొరుగులో పెట్టేస్తారు. ఈ చలికాలం నెలాఖరుతో ఆఖరు. ఆ తర్వాత పిట్టలు ఎలాగూ లేచిపోతాయి. నలభై పొద్దులు వెళ్ళింది. వందల పిట్టలు కనిపించాయి, బిళ్ళ కనిపించలేదు. ఇస్త్రీ మొహం మీద కూడా ఓ ముడత పడింది.

ఆ ముడత మేనల్లుడి కంట పడింది. వీడు రబ్బరు స్టాంపులు చెక్కుతాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పారేసిన చెప్పు అట్టలు చెక్కి చెక్కి చెయ్యి తిరిగింది. ఒకసారి అత్త సెలవు చీటీ మీద ‘ఇక ఊపిరి వదలొచ్చు’ అని స్టాంపు కొట్టి పంపితే సూపరింటెండెంటు నవ్వలేక దగ్గాడు. ఈసారి అత్తని నవ్విద్దామనుకున్నాడు. నెలాఖరు గడువు సంగతి వాడికి తెలీదు. అడిగితే ఆవిడ చెప్పేదే. నవ్వించేవాళ్ళకి అడిగే అలవాటుండదు.

హవాయి చెప్పు అట్టలు మూడు అతికించి పిట్టని చెక్కాడు. గొడుగు కడ్డీ కాళ్ళు. గోడ మీది ఫోటో చూస్తూ ఒక్కో ఈకా వేశాడు. కరెంటు తీగ తొడుగుతో ఆకుపచ్చ బిళ్ళ చేసి, సూది మొనతో కె, ఏడు, పి కూడా గీశాడు. ఒక్కటే పొరపాటు. స్టాంపు చెక్కేవాడు ఎదురుగా కనిపించినదాన్ని తిరగేసి చెక్కుతాడు, అప్పుడే కాగితం మీద సరిగ్గా పడుతుంది. ఏడేళ్ళ అలవాటు చేతిలో ఇంకిపోయింది. ఫోటోలో పిట్ట ఎదురుగా నిలబడి ఉంది. అక్షరాలు రాసినట్టు గీశాడు గాబట్టి అవి సరిగ్గానే పడ్డాయి గానీ, పిట్టని మాత్రం వీడి చెయ్యి తిరగేసింది. బిళ్ళ ఎడమకాలికి పడింది.

ఆ ఆదివారం పొద్దున సముద్రం బాగా వెనక్కి పోయింది. ఊపిరమ్మ పెనం చంకన పెట్టుకుని వచ్చింది, గట్టు మీద చెప్పులు విడిచింది, బోర్లించిన పడవ దాటింది. పడవ వెనక ఎవరున్నదీ చూళ్ళేదు. లెన్సులోంచి దూరంగా ఒక పిట్ట కనిపించింది. ఒంటరిగా, తడి ఇసుకలో, తనకేసి తిరిగి. కాళ్ళ దగ్గర ఆకుపచ్చ.

మోకాళ్ళు వాటంతటవే వంగాయి. అరవై అడుగుల దూరం. మామూలుగా అయితే పిట్ట నడిచే దారి కనిపెట్టి ముందుగా వెళ్ళి పడుకుంటుంది, అవే దగ్గరికొస్తాయి. ఇవాళ అంత ఓపిక లేదు. అల విరిగినప్పుడల్లా జానెడు, ఆగితే రాయి, మళ్ళీ జానెడు. ఇసుక చొక్కా లోపలికి దూరింది. ఒక పీత మోచేతి దాకా వచ్చి, ఇదేం జంతువో తేల్చుకోలేక వెనక్కి పోయింది. అరగంటకి సగం దూరం వచ్చింది. ఆ అరగంటా మనసులో ఫారం నింపుకుంటూనే ఉంది. తేదీ రాసింది, రంగు రాసింది. ఏ కాలు అన్న చోటికి వచ్చి అలవాటుగా ఆగింది.

ఎదురుగా ఉన్నవాడి కుడి మనకి ఎడమ పక్కన పడుతుంది. ఆవిడకిది లెక్క కాదు, చూపు. ఆకుపచ్చ కుడిపక్కన కనిపిస్తోంది. అంటే పిట్ట ఎడమకాలు.

అప్పుడు మిగతావి ఒక్కొక్కటీ కనబడసాగాయి. పిట్ట చుట్టూ ఇసుక మీద అడుగుల గుర్తు ఒక్కటి లేదు. గాలికి ఒక్క ఈక లేవడం లేదు. అరగంటగా ఆకలెయ్యని పరుగు పిట్ట. చెప్పు అట్ట మీద కంపెనీవాడి గళ్ళు కూడా లీలగా కనిపించాయి.

ఆవిడ చెంప ఇసుకకి ఆనించి ఊపిరి వదిలేసింది. వాణ్ణి తిట్టుకోవడం తర్వాత వచ్చింది. ముందొచ్చింది భయం. వెధవ బిళ్ళని సరైన కాలికి కట్టుంటే? గడువు మీదపడుతున్న ఆత్రంలో, కన్నీళ్ళ కళ్ళతో, తను టిక్కు కొట్టి సంతకం పెట్టేసేదేమో. అన్నేళ్ళ కిందటి గుమస్తా మోకాలు గుర్తొచ్చింది.

లేవబోయింది. సరిగ్గా అప్పుడే, నీళ్ళు పోటెక్కుతుంటే కింది ఇసుకతిన్నె మీది పిట్టలు లేచాయి. గాల్లో ఒక మలుపు తిరిగి, అంత ఒడ్డూ వదిలేసి, వచ్చి రబ్బరు పిట్ట చుట్టూ వాలాయి. ఒకడు అంత నిబ్బరంగా నిలబడ్డాడంటే చోటు మంచిదే అయ్యుంటుందని వాటి నమ్మకం. ఇరవై దాకా ఉన్నాయి. ఇంత దగ్గరగా ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ లేవు. ఆవిడ లెన్సు వెనక ఒక్కోదాని కాళ్ళూ చూసుకుంటూ వెళ్ళింది. బిళ్ళ లేదు. లేదు. లేదు. ఆఖరికి రబ్బరు పిట్ట పక్కనే ఒకటి, ఒంటికాలి మీద కునుకు తీస్తోంది. నేల మీదున్నది ఎడమకాలు. కుడికాలు పొట్ట ఈకల్లోకి లాక్కుంది.

ఎక్కడో ముట్టుకుని చూపించవే తల్లీ, అనుకుంది.

పిట్ట చూపించలేదు. నీళ్ళు వచ్చి మోచేతులు తాకాయి. పెనం కింద ఇసుక కరిగింది. కెమెరాని అంగుళం పైకెత్తి పట్టుకుంది, అంతకి మించి కదల్లేదు. ఇంకో అల పొట్ట కింద నించి పోయింది. పిట్ట ఒక కన్ను తెరిచి, మూసింది. నీళ్ళు దానికీ తగుల్తాయి. తగిలితే కాలు దించక తప్పదు. ఇంకో అల, మహా అయితే రెండు. ఆవిడ ఊపిరి బిగబట్టింది.

పడవ వెనక మేనల్లుడు మొదటి పావుగంట నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వాడు. పిట్టలొచ్చి వాలితే తన చేతిపనికి తనే మురిసిపోయాడు. తర్వాత నవ్వు తగ్గింది. అత్త కదలడం లేదు. నీళ్ళు మీదికొస్తున్నా కదలడం లేదు. షుగరు మనిషి, పొద్దున్నే ఏమన్నా తిందో లేదో. అల గడ్డం దాకా వచ్చినా తల తిప్పలేదు. ఊరందరి చేతా ఊపిరి బిగబట్టించిన మనిషి, ఊపిరి తీసుకుంటోందో లేదో వాడికి అక్కణ్ణించి తెలీలేదు. పిల్లికి చెలగాటం అంటారు గానీ, ఆ క్షణాన పిల్లికే ప్రాణం గొంతులోకొచ్చింది. అత్తా, అని కేకేసి పరిగెత్తాడు.

ఇరవై పిట్టలూ ఒక్కసారే లేచాయి. రబ్బరుదొక్కటే నిలబడింది. ఆవిడ వేలు తనంతట తను బటన్ నొక్కుతూనే ఉంది.

వాడొచ్చి అలలో జారి పక్కనే పడ్డాడు. ఆవిడ తిట్టలేదు. పిట్టలు పోయిన దిక్కుకే కాసేపు చూసింది. తర్వాత, కూర్చో, ఎలాగూ తడిశావు, అంది. అక్కడే, నీళ్ళలో కూర్చుని, బిళ్ళ ఎందుకో, నెలాఖరు ఏమిటో, పొట్టలోకి లాక్కున్న కాలేమిటో మామూలు గొంతుతో చెప్పింది. తిడితే తేలిగ్గా ఉండేది వాడికి.

ఇంటికొచ్చి కంప్యూటరులో చూసుకున్నారు. వీళ్ళిద్దరూ తడి బట్టల్తోనే, పక్కన దర్జీ మామయ్య. ముప్ఫై ఫోటోల్లో ఒక్కదాంట్లో ఆ పిట్ట రెక్కలు చాచి లేస్తోంది, కుడికాలు వేలాడుతోంది, కాలికి ఆకుపచ్చ బిళ్ళ. బిళ్ళ అంచు ఇటు తిరిగింది. అక్షరాల చోట ఒక నిలువు గీత, మిగతాది మసక.

అదే, అన్నాడు మామయ్య. అదే కాకపోతే ఇంకేది, అన్నాడు మేనల్లుడు. ఆ గీత కె అక్షరంలోది కాదూ? ఆ బాపతులో ఇంకేవీ లేవని ఆఫీసువాళ్ళే రాశారు గదా?

“కనబడ్డం లేదని రాశారు. లేవని రాయలేదు,” అంది ఆవిడ.

మేనల్లుడికి తప్పు చేసినప్పుడల్లా తెలివి ఎక్కువవుతుంది. తన రబ్బరు పిట్ట ఫోటోలో బిళ్ళ తేటగా ఉంది, మూడు అక్షరాలూ చదవొచ్చు, తప్పల్లా కాలే. ఫోటోని తిరగేస్తే కాలు సరిపోతుంది. అక్షరాలు తిరగబడతాయి గానీ వాటిని సరిచెయ్యడం తనకి పూటపని. పాపం ఎవరికీ తగలదు. ఎక్కడో ఒక సొరుగులోంచి ఒక కార్డు పక్క సొరుగులోకి పోకుండా ఉంటుంది, అంతే గదా అన్నాడు.

ఆవిడ వాడికి బట్టల కొట్టు గుమస్తా కథ చెప్పింది. అంతవరకు ఆ కథ ఇంట్లో ఎవరికీ తెలీదు. దర్జీ మామయ్యకి కూడా. ఆయన చేతిలో టేపు చుట్టుకుంటూ, విప్పుకుంటూ విన్నాడు.

“చూసింది రాస్తాను,” అంది చివర్న. “చూడాలనుకున్నది రాయను.”

ఫారం తీసింది. కుడికాలు, ఆకుపచ్చ, అక్షరాలు చదవలేకపోయాను. పెన్ను ‘బతికుంది’ గడి మీద కాసేపు నిలబడింది, ఒంటికాలి మీద. తర్వాత పక్కకి జరిగి, జరిగి, ‘తెలియదు’ మీద దిగింది. సంతకం మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా పెట్టింది.

నెలాఖరు దాకా రోజూ వెళ్ళింది. మేనల్లుడు పడవ వెనకే, ఈసారి చెప్పి మరీ, కూర్చున్నాడు. పిట్ట రాలేదు. ఓ పొద్దున ఒడ్డంతా ఖాళీ. లేచిపోయాయి.

మూడు వారాలకి ఆఫీసు నించి జవాబొచ్చింది. అక్షరాలు చదవని రిపోర్టు లెక్కలోకి రాదట. కార్డు మూసేశామనీ, ఇన్నేళ్ళ శ్రమకి కృతజ్ఞతలనీ రాశారు. ఆవిడ ఆ ఉత్తరాన్ని కూడా గోడకి, మిగతావాటి కిందే గుచ్చింది. గుచ్చి డ్యూటీకి వెళ్ళింది.

మధ్యాహ్నం మేనల్లుడు మెట్లు దిగి కిందికెళ్ళాడు. కుంటి కుర్చీలో కూర్చున్నాడు, వరసలో తన వంతు వచ్చినట్టు లోపలికి వెళ్ళాడు. బల్ల మీద, రిజిస్టరు పక్కన, రబ్బరు పిట్ట ఉంది. ఎడమకాలి బిళ్ళ లేదు. అబద్ధం ఉన్నంత మేర కత్తిరించేసి, మిగతాది ఉంచుకుంది. ఊపిరి బిగబట్టమంటే కళ్ళెక్కడ పెట్టాలో తెలీని పిల్లలకి దాన్ని చూడమంటుందట.

క్షమించమని అడగడానికే వెళ్ళాడు. తీరా నోరు తెరిస్తే, చొక్కా వేసుకుంటూ అందరూ అడిగే ప్రశ్నే వచ్చింది.

“అత్తా, కాగితం సంగతి వదిలెయ్. నీకేమనిపిస్తోంది? బతికే ఉందా?”

డాక్టరుగారు చెప్తారు, అంటుందనుకున్నాడు. ఆవిడ జేబులోంచి సీసపు ముక్కలు తీసి కోటు అంచుకి తుడిచింది. ఎల్ ఒకటి, ఆర్ ఒకటి. బయట ఎవరో దగ్గారు, తర్వాతివాళ్ళు.

“అది అదో కాదో నాకు తెలీదు,” అంది. “నీ మొహం కనబడగానే అంత వేగంగా ఎగిరిందంటే మాత్రం, దానికి బతకాలని గట్టిగానే ఉందిరా.”